2009 వరద ఫోటోలు వెతుకుతూ అడుగుతున్నాను: మీరు ఫోటోలకు ట్యాగులు ఎవరి కోసం పెడతారు?

హంద్రీగట్టు (కర్నూలు)
మా వీధిలో పెద్దవాళ్లు వరద మాట ఎత్తితే చాలు, ఒక్క విషయం దగ్గర గొడవ మొదలవుతుంది. 2009 అక్టోబర్ 2న నీళ్లు ఎవరింట్లో ఎంత ఎత్తుకు వచ్చాయి? తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడ్డ రోజు అది. నీళ్లు తీశాక గోడల మీద మిగిలిన బురద గీతను చాలామంది ఫోటోలు తీసుకున్నారు. వాటిని ఒకచోట చేర్చి, వీధుల వారీగా గీత ఎత్తు రాసిపెడదామని నా ఆలోచన.

"కర్నూలు వరద" అని వెతికితే పత్రికల్లో వచ్చిన అవే నాలుగైదు ఫోటోలు తిరిగి తిరిగి వస్తున్నాయి. జనం సొంతంగా ఎక్కించిన ఆల్బంలు తవ్వితే అసలు సరుకు అక్కడ ఉంది, కానీ దాని మీద పేరు లేదు. ఒక ఫోటోలో మందుల షాపు షట్టరు, దాని పైన బోర్డు, బోర్డుకు సగం ఎత్తులో బురద గీత స్పష్టంగా కనిపిస్తోంది. అక్షరాలు సగం కొట్టుకుపోయాయి. అది బండిమెట్టా, పూలబజారా, జొహరాపురమా? ట్యాగుల్లో మాత్రం "నీళ్లు", "దేవుడా", "ప్రకృతి", చివరిలో కెమెరా కంపెనీ పేరు. వీధి పేరు ఒక్కటి రాసి ఉంటే ఆ ఫోటో సాక్ష్యం అయ్యేది.

అందుకే అడుగుతున్నాను. ట్యాగు పెట్టేటప్పుడు మీ మనసులో ఎవరు ఉంటారు?

మొండిగోడ (జమ్మలమడుగు)
ఎవరూ ఉండరు. లైకులు ఉంటాయి. మా గండికోట ఫోటోలు చూడండి. పెన్నా లోయ అంచున కూర్చుని కాళ్లు వేలాడేసిన ఒకే రకం ఫోటో, దాని కింద ముప్పై ట్యాగులు. ప్రయాణం, ప్రేమ, సూర్యాస్తమయం, ముంబై, ఇద్దరు సినిమా హీరోల పేర్లు. ముంబైకి, మా ఎర్రమల కొండలకు ఏమి సంబంధమో రాసినవాడికే తెలియాలి. ఆ లోయ పక్కనే మాధవరాయస్వామి గుడి ఉంది, జామియా మసీదు ఉంది, ధాన్యాగారం ఉంది. వాటి పేరుతో వెతికితే పదో వంతు ఫోటోలు కూడా రావు. ఉన్నాయి, కానీ అన్నీ "గండికోట" అనే ఒక్క కుప్పలో పడి ఉన్నాయి.

షట్టర్‌రాజా (కడప)
మొండిగోడ అన్నా, కోపం వద్దు కానీ నేను ఆ ముప్పై ట్యాగుల జాతివాడినే. పెళ్లి ఫోటోలు, ప్రీ వెడ్డింగ్ షూట్లు మా బతుకుతెరువు. ఫోటో పెట్టేది వందేళ్ల తర్వాత చరిత్రకారుడు చూస్తాడని కాదు, వచ్చే మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నవాళ్లు చూస్తారని. "కడప పెళ్లి", "రాయలసీమ పెళ్లికూతురు", "గండికోట షూట్" అని వెతికి ఫోను చేసినవాళ్లు ఉన్నారు. దాంతో అడ్వాన్సు వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టుకు 30 దాకా పెట్టుకోనిచ్చారు చాలా ఏళ్లు. ఇచ్చినప్పుడు వాడుకున్నాం. హీరో పేరు పెట్టడం మాత్రం నేనూ ఒప్పుకోను. అలా వచ్చేవాడు అభిమానే కానీ గిరాకీ కాదు.

పాతఅట్లాసు (అనంతపురం)
రాజా గారు చెప్పింది నిజమే. రెండు పనులకు ఒకటే పేరు పెట్టుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. 2004లో ఫ్లికర్ అనే ఫోటోల సైటు మొదలైనప్పుడు ట్యాగు అంటే ఎవరి ఫోటోలను వారు మళ్లీ దొరకబుచ్చుకోవడానికి రాసుకునే గుర్తు. ఒక ఫోటోకు 75 దాకా పెట్టుకోవచ్చు. 2007 ఆగస్టులో క్రిస్ మెస్సీనా అనే ఆయన ట్విట్టర్‌లో మాట ముందు # గుర్తు పెట్టి ఒకే విషయం మాట్లాడేవాళ్లను ఒకచోట చేర్చవచ్చని సూచించారు. 2011లో ఇన్‌స్టాగ్రామ్ కూడా దాన్ని తీసుకుంది. మొదటిది బీరువా కోసం, రెండోది జనం గుమిగూడటం కోసం.

అదే 2007లో మోర్గాన్ ఏమ్స్, మోర్ నామన్ అనే పరిశోధకులు ఫ్లికర్ వాడేవాళ్లను ఎందుకు ట్యాగు పెడుతున్నారని అడిగి చూశారు. తన కోసమా, ఇతరుల కోసమా అన్నది ఒక ప్రశ్న. తర్వాత వెతుక్కోవడానికా, ఏదైనా చెప్పడానికా అన్నది రెండో ప్రశ్న. వరద ఫోటోకు "దేవుడా" అని పెట్టినవారు చెప్పడానికి పెట్టారు. హంద్రీగట్టు గారు వెతకడానికి వచ్చారు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

మొండిగోడ (జమ్మలమడుగు)
మాష్టారూ, మీరు ఎప్పుడూ ఇద్దరిదీ తప్పు కాదంటారు. "ప్రయాణం" అని ట్యాగు పెట్టడమంటే పప్పు డబ్బా మీద "వంటిల్లు" అని రాసినట్టు. అది చెప్పడమూ కాదు, వెతకడమూ కాదు.

అంచుగీత (ధర్మవరం)
మొండిగోడ గారి పక్షం నేను. చీరల డిజైన్లు కంప్యూటర్‌లో గీసి జకార్డ్ మగ్గానికి ఇచ్చే పని నాది. లేపాక్షి గుడిలో లతా మండపం అని ఉంది, ఎంతమందికి తెలుసో. అక్కడి స్తంభాల మీద లతలు, పూలు, హంసలు, గడులు చెక్కి ఉంటాయి. ఒక స్తంభం మీది నమూనా పక్క స్తంభం మీద కనబడదు. చీర అంచులకు అవే మాకు పుస్తకం. ప్రతిసారీ హిందూపురం దాకా వెళ్లలేను కాబట్టి ఇంటర్నెట్‌లో వెతుకుతాను.

"లేపాక్షి" అంటే ఏమి వస్తుందో మీకు తెలుసు. వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి లాగుతున్న మనుషులు. తర్వాత నంది ముందు సెల్ఫీలు. లతా మండపం ఫోటోలు ఉంటాయి, కానీ వాటి ట్యాగు కూడా "లేపాక్షి", "శిల్పకళ", "మన సంస్కృతి". ఒకసారి ఎవరో నిలువుగా, నేరుగా, ఎండ పక్క నుంచి పడుతుండగా చాలా శ్రద్ధగా తీసిన స్తంభం ఫోటో దొరికింది. పక్క వరసలో నాగుపాము విగ్రహం తోక కొంచెం కనిపించింది కాబట్టి అది ఏ వైపు స్తంభమో పోల్చుకోగలిగాను. అంత శ్రద్ధగా తీసిన మనిషి "లతా మండపం, దక్షిణం వైపు" అని నాలుగు మాటలు రాయడానికి ఎందుకు బద్ధకించాడో!

షట్టర్‌రాజా (కడప)
అక్కా, ఆయనకు అది లతా మండపం అని తెలియదేమో.

అంచుగీత (ధర్మవరం)
ఉండవచ్చు. తెలియకపోతే "చెక్కిన స్తంభం, పూల తీగ" అని రాసినా నాకు దొరికేది. పేరు తెలియనక్కరలేదు, కంటికి కనిపించింది రాస్తే చాలు.

కామన్స్‌కూలీ (ప్రొద్దుటూరు)
ఇక్కడికి జిల్లాల సంగతి ఇంకా రాలేదేమని చూస్తున్నాను. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటిదాకా "కర్నూలు" ట్యాగుతో ఉన్న బెలుం గుహలు, యాగంటి, మహానంది, అహోబిలం, శ్రీశైలం నంద్యాల జిల్లాకు వెళ్లాయి. లేపాక్షి, పెనుకొండ, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లాయి. పాత ఫోటోలన్నీ పాత జిల్లా పేరుతోనే ఉన్నాయి. కొత్తవి కొత్త పేరుతో వస్తున్నాయి. బెలుం గుహల గురించి ఒక్క జిల్లా పేరుతో వెతికితే సగమే కనిపిస్తుంది.

అందరూ వాడుకోగల ఫోటోల భండారం వికీమీడియా కామన్స్‌లో ట్యాగుల బదులు వర్గాలు ఉంటాయి. బెలుం గుహలకు ఒక వర్గం, ఆ వర్గం ఒక జిల్లా వర్గంలో ఉంటుంది. జిల్లా మారినప్పుడు గుహల వర్గాన్ని ఒకచోట నుంచి తీసి మరోచోట పెడితే సరి. దాని లోపలి ఫోటోలు దేన్నీ ముట్టుకోనక్కరలేదు. ట్యాగులతో ఆ సుఖం లేదు. ప్రతి ఫోటో తెరిచి మార్చాలి, అది కూడా పెట్టినవాళ్లే మార్చాలి.

పాతఅట్లాసు (అనంతపురం)
మార్చవద్దు, చేర్చండి. 2015లో తీసిన ఫోటోకు కర్నూలు జిల్లా అనడం అబద్ధం కాదు కదా. దాని పక్కన నంద్యాల కూడా పెట్టండి. అన్నిటికంటే మేలు ఊరి పేరు. జిల్లాలు మారినా, మండలాలు మారినా, కొలిమిగుండ్ల కొలిమిగుండ్లే. 3,229 మీటర్ల గుహ ఎక్కడికీ కదలదు.

కడప సంగతి కూడా అంతే. 2005 దాకా ఇంగ్లిషులో సర్కారు రాసిన వర్ణక్రమం వేరు. తర్వాతది వేరు. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు. పాత గెజిటీరులో ఉన్నట్టు వెతికేవాడికి ఒకటి, ఇప్పటి పిల్లవాడికి ఒకటి తగలాలంటే రెండూ ఉండాలి.

తుంగతీరం (మంత్రాలయం)
జిల్లాలు విడగొట్టడమే పెద్ద పొరపాటు. పోయిన ఎన్నికల్లో

నిర్వాహకులు
తుంగతీరం గారి మిగతా భాగం తీసివేశాం. జిల్లాల విభజన మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ ఫోటోలు, ట్యాగులు మాత్రమే.

అక్షరగండం (కర్నూలు)
వర్ణక్రమం అన్నారు కాబట్టి, తెలుగు లిపిలో ట్యాగులు పెట్టేవాళ్లకు తెలియాల్సిన ఒక ఇబ్బంది చెబుతాను. "బుర్జ్" అని పొల్లుతో ముగిసే మాటను కొన్ని కీబోర్డులు చివర కంటికి కనిపించని ఒక అక్షరం చేర్చి రాస్తాయి. పొల్లు తర్వాతి అక్షరంతో కలిసిపోకుండా ఆపడానికి అది ఉంటుంది. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. వెతుకుడు యంత్రం దాన్ని సరిచూసుకునే రకం కాకపోతే ఒకదానితో వెతికితే మరొకటి రాదు. అజంతంగా, అంటే అచ్చుతో ముగిసేలా రాస్తే ఈ బెడద లేదు. "బురుజు" అనండి, "ఓర్వకల్లు" అనండి. అచ్చులతో ముగిసే భాష మనది, ఇక్కడ అది బాగా పనికొస్తుంది.

ఇంకొకటి, హ్యాష్‌ట్యాగులో ఖాళీ వస్తే అక్కడితో ట్యాగు తెగిపోతుంది. #కొండారెడ్డి బురుజు అని రాస్తే ట్యాగు అయ్యేది కొండారెడ్డి మాత్రమే. కలిపి రాయాలి, లేదా మధ్యలో అడుగు గీత (_) పెట్టాలి. ఫ్లికర్‌లో అయితే కొటేషన్ గుర్తుల మధ్య పెడితే రెండు మాటలూ ఒక ట్యాగు అవుతాయి.

శనగచేను (కళ్యాణదుర్గం)
ఇంగ్లిషులో పెడితే బయటివాళ్లకు కూడా దొరుకుతుంది కదా, తెలుగులో ఎందుకు పెట్టాలి అని మా అబ్బాయి అంటాడు. నేను పెట్టేది వేరుశనగ ఆకుల ఫోటోలు. ఆకు మీద నల్లటి గుండ్రని మచ్చలు వస్తాయి, తిక్కా తెగులు. మా పక్క ఊరి రైతు వెతికేది "వేరుశనగ ఆకుమచ్చ" అనే. ఆయనకు అందాలంటే తెలుగులోనే ఉండాలి. పంట వయసు కూడా రాస్తాను, విత్తిన నెల రాస్తాను. మచ్చ ఎప్పుడు వచ్చిందో తెలియకపోతే ఫోటో వల్ల రైతుకు ఒరిగేది ఏమీ లేదు.

అంచుగీత (ధర్మవరం)
శనగచేను గారూ, ఆకు పైభాగం, అడుగుభాగం విడిగా తీస్తారా?

శనగచేను (కళ్యాణదుర్గం)
తీస్తానమ్మా. అడుగుభాగం చూస్తేనే ముందు వచ్చే మచ్చా, ఆలస్యంగా వచ్చే మచ్చా అన్నది తేలేది. ఆలస్యంగా వచ్చేదానికి అడుగున మచ్చ నల్లగా ఉంటుంది. అదీ ట్యాగులో పెడతాను, "ఆకు అడుగు" అని.

తులసికోట (ఆదోని)
మీరంతా వస్తువులకు పెట్టే ట్యాగుల గురించి మాట్లాడుతున్నారు. మనుషులను ట్యాగు చేయడం సంగతి ఏమిటి? మా చెల్లెలి నిశ్చితార్థం ఫోటోలు తీసినవాళ్లు సాయంత్రానికే తమ పేజీలో పెట్టి, చెల్లెలి పేరుతో సహా ఫేస్‌బుక్ ఖాతాను ట్యాగు చేశారు. మమ్మల్ని అడగలేదు. రాత్రికి దానికి ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి స్నేహ అభ్యర్థనలు, "కంగ్రాట్స్" సందేశాలు. మా నాన్నగారికి చెప్పడానికి కూడా భయపడింది. పేరు లేకుండా ఫోటో ఒక్కటే ఉంటే ఇంత జరిగేది కాదు. మొహాన్ని ఖాతాతో ముడిపెట్టింది ఆ ట్యాగే.

ఇక రెండో రకం. ప్లాట్ల బ్రోచరు ఫోటో పెట్టి, అందులో లేని యాభై మందిని ట్యాగు చేసే బంధువులు.

షట్టర్‌రాజా (కడప)
ఆ స్టూడియో వాళ్లు చేసింది తప్పే అక్కా. మేము అడ్వాన్సు తీసుకునేటప్పుడే రెండు విడివిడి ప్రశ్నలు అడుగుతాం. పేజీలో పెట్టుకోవచ్చా? పేర్లతో ట్యాగు చేయవచ్చా? మొదటిదానికి సరే అనేవాళ్లు చాలామంది. రెండోదానికి పెళ్లికొడుకు వైపు "చేయండి" అంటారు, పెళ్లికూతురు వైపు "వద్దు" అంటారు. వద్దన్న మాటే నిలుస్తుంది.

మీ చెల్లెలికి ఒకటి చెప్పండి. ఫేస్‌బుక్ సెట్టింగుల్లో ప్రొఫైల్, ట్యాగింగ్ అని ఒక భాగం ఉంటుంది. అక్కడ తనను ట్యాగు చేసిన పోస్టులను ముందుగా సమీక్షించే ఏర్పాటును ఆన్ చేస్తే, ఇకమీదట తను ఒప్పుకునేదాకా అలాంటి ఫోటో తన ప్రొఫైల్ మీద కనిపించదు. పెట్టినవాళ్ల పేజీలో మాత్రం ఉంటుంది. అక్కడి నుంచి తన పేరు పోవాలంటే ఫోటో దగ్గరకు వెళ్లి తన ట్యాగు తానే తీసేయాలి.

అక్షరగండం (కర్నూలు)
ఒకప్పుడు ఫేస్‌బుక్ మొహం చూసి "ఇది ఫలానావారా, ట్యాగు చేయమంటారా" అని తానే అడిగేది. 2021 నవంబర్‌లో ఆ ఏర్పాటు ఆపేస్తున్నామని, వంద కోట్ల మందికి పైగా మనుషుల మొహాల కొలతలు చెరిపేస్తామని ప్రకటించింది. ఇప్పుడు పేరు పెట్టేది మనిషే, కాబట్టి అడగాల్సింది కూడా మనిషే.

యంత్రాన్ని నమ్మి వస్తువులకు ట్యాగులు వదిలేద్దామనేవారికి ఒక సంగతి. 2015లో ఫ్లికర్ యంత్రంతో ట్యాగులు పెట్టించినప్పుడు జర్మనీలోని డాఖావ్ నాజీ శిబిరం గేటు ఫోటోకు క్రీడ, పిల్లలు ఎక్కి ఆడే ఇనుప చట్రం అన్న ట్యాగులు పడ్డాయి. యంత్రానికి కడ్డీలు కనిపించాయి, అంతే. ఇప్పుడు చాలా మెరుగైంది. అయినా నా ఫోనులో "కోట" అని వెతికితే కొండారెడ్డి బురుజుతో పాటు మా కాలనీ నీళ్ల ట్యాంకు కూడా వస్తుంది.

మొండిగోడ (జమ్మలమడుగు)
ట్యాంకును కట్టిన కాంట్రాక్టరుకు చూపించండి, సంతోషిస్తాడు.

లంకమలబాట (బద్వేలు)
అందరూ ఊరి పేరు, వీధి పేరు, వైపు కూడా రాయమంటున్నారు. నేను ఉల్టా మాట చెబుతాను. కొన్నిటికి చోటు రాయకండి.

కలివికోడి మన కడప అడవుల పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్నాక 1986లో ఇక్కడే మళ్లీ దొరికింది. ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షుల్లో అది ఒకటి. చిట్టడవిలో రాత్రిపూట తిరిగే పక్షి. అలాంటిదాని ఫోటోకో, గూడు ఫోటోకో ఖచ్చితమైన చోటుతో ట్యాగు పెడితే మరునాడు టార్చిలైట్లతో జనం దిగుతారు. ఎర్రచందనం చెట్టుకూ అంతే, అక్కడ దిగేది జనం కాదు, గొడ్డళ్లు. ఐనాచురలిస్ట్ లాంటి చోట ఇలాంటి జీవాలను నమోదు చేస్తే అసలు చోటును దాచి, దాదాపు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒక చుక్క చూపిస్తారు. మామూలు ఫోటో వేదికల్లో ఆ కాపలా మనదే.

ఇంకా గమనించండి, మీరు ట్యాగు రాయకపోయినా ఫోను రాస్తుంది. లొకేషన్ ఆన్ చేసి తీస్తే ఫోటో ఫైలులోనే అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది ఊడిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళుతుంది. బర్డ్ ఫోటోలు డాక్యుమెంటుగా పంపమని అడిగే గ్రూపుల్లో ఇది ఎవరూ పట్టించుకోవడం లేదు.

హంద్రీగట్టు (కర్నూలు)
లంకమలబాట గారూ, అదే నాకు వరద ఫోటోల్లో ఉండి ఉంటే ఎంత బాగుండేది! అప్పటి ఫోన్లలో, కెమెరాల్లో చాలావాటికి జీపీఎస్ లేదు. ఉన్న ఫోటోలూ మిగలలేదు. ఫ్లికర్ 2019లో ఉచిత ఖాతాలకు వెయ్యి ఫోటోల పరిమితి పెట్టి, మిగతావి తీసివేస్తామన్నప్పుడు కొన్ని పోయి ఉంటాయని నా అనుమానం. ముందుగా పోయేవి పాతవే.

ఇకమీదట సేకరించేవాటికి ట్యాగును వెబ్‌సైటులో కాకుండా ఫోటో ఫైలులోనే రాసే దారి ఉందా? సైటు మూతపడ్డా ఫోటోతో పాటు ఉండాలి.

కామన్స్‌కూలీ (ప్రొద్దుటూరు)
ఉంది. ఐపీటీసీ అని పాత పద్ధతి, వార్తాపత్రికల వాళ్లది. శీర్షిక, వివరణ, కీలకపదాలు ఫైలు లోపలే ఉంటాయి. డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేయవచ్చు. తెలుగు అక్షరాలు తీసుకుంటుంది. అయితే ఆ ఫోటోను వాట్సాప్‌లో తిప్పకండి, కుదించేటప్పుడు అవీ పోతాయి. అసలు ఫైళ్లు హార్డ్ డిస్కులో ఒక కాపీ, ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతి ఇచ్చేవాళ్లవి కామన్స్‌లో ఒక కాపీ పెట్టండి. అనుమతి తీసినవారి నుంచి రావాలి, మీరు సేకరించారు కాబట్టి మీది అయిపోదు.

పాతఅట్లాసు (అనంతపురం)
దానితో పాటు ఒక మనవి. తీసిన తేదీ, ఎక్కించిన తేదీ వేరుగా రాయండి. 2009 ఫోటోను ఇప్పుడు స్కాన్ చేస్తే ఫైలులో ఇప్పటి తేదీ పడుతుంది. ఇంకో ఇరవై ఏళ్లకు ఎవరో అది వేరే వరద అనుకుంటారు.

హంద్రీగట్టు (కర్నూలు)
మంచి మాట మాష్టారూ. "నీళ్లు వచ్చిన రోజు", "నీళ్లు తీశాక" అని కూడా వేరు చేస్తున్నాను. గీత ఉన్న ఫోటోలన్నీ రెండో రకమే.

షట్టర్‌రాజా (కడప)
అంచుగీత అక్కా, ఆదివారం హిందూపురంలో పెళ్లి ఉంది. తెల్లవారుజామున ముహూర్తం అయిపోతుంది, ఆ తర్వాత లేపాక్షి వెళ్లి రాగలను. మీకు ఏమేమి కావాలో చెప్పండి.

అంచుగీత (ధర్మవరం)
ఎంత మేలు తమ్ముడూ! నాగలింగం వైపు నుంచి మొదలుపెట్టి, వరసకు ఒక అంకె, స్తంభానికి ఒక అంకె వేసుకో. ప్రతి స్తంభాన్నీ నాలుగు ముఖాలు విడిగా, కెమెరా వంచకుండా నేరుగా తీయి. ఎండ నడినెత్తికి రాకముందే తీయాలి, తర్వాత చెక్కడం చదునుగా కనిపిస్తుంది. ట్యాగులో వరస, స్తంభం, ముఖం, నమూనాలో కనిపించింది రాయి. హంస అనుకుంటే హంస, చిలక అనుకుంటే చిలక, తేడా వస్తే నేను సరిచేస్తాను. పెళ్లికూతుర్ని మాత్రం అందులో నిలబెట్టకు.

షట్టర్‌రాజా (కడప)
ఒక్క ఫోటోలో కూడానా?